చుక్కల మందు, కోతి గోరు, మామిడి సొన: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు జ్వరం మందుల గురించే ఉన్నాయి. వాటికే ఎక్కువ చోటు ఇచ్చాం. ఒకే సంగతి అడిగిన వాళ్లందరికీ కలిపి ఒకే జవాబు. పేర్లు వేయడం లేదు, ఊర్లు మాత్రమే.

ప్రశ్న: మా పాపకు 14 నెలలు, బరువు 9.5 కిలోలు. జ్వరమొస్తే పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ. పోయడం మాకు అలవాటు. మొన్న షాపులో వేరే కంపెనీది ఇచ్చినారు. దాని మీద 250 అని ఉంది. అది చూసుకోక రెండు రోజులు రోజుకు మూడుసార్లు 5 మి.లీ. చొప్పున పోసినాం. పాప ఆడుకుంటానే ఉంది. ఏమన్నా అవుతుందా? చుక్కల మందయితే చిన్నపిల్లలది, ఏమీ చెయ్యదని మా అత్త అంటుంది. నిజమేనా? (చంద్రగిరి)

జవాబు: ముందు మీ లెక్క తేలుద్దాం. పిల్లలకు పారాసెటమాల్ బరువును బట్టి ఇవ్వాలి. ఒక్కో మోతాదు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. మీ పాపకు అది 95 నుంచి 142 మి.గ్రా. దాకా వస్తుంది. మీకు అలవాటైన సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 125 మి.గ్రా. ఉండి ఉంటుంది, అందుకే 5 మి.లీ. సరిపోయేది. కొత్త సీసాలో అదే 5 మి.లీ.లో 250 ఉంది. దాని ప్రకారం పాపకు ఒక్కోసారి కిలోకు 26 మి.గ్రా., రోజు మొత్తానికి 79 మి.గ్రా. పడింది. రోజుకు కిలోకు 60 మి.గ్రా. దాటనివ్వకపోవడం మంచి పద్ధతి. మీరు దాటారు, అయితే రెండు రోజులతో ఆపేశారు. పాప తింటూ, ఆడుకుంటూ, ఒంటికి (మూత్రం) పోసుకుంటూ ఉంటే కాలేయం దెబ్బతినే అవకాశం తక్కువే. అయినా సీసా పట్టుకెళ్లి మీ పిల్లల డాక్టరుకు ఒకసారి చెప్పండి. వాంతులు మొదలైనా, మగతగా పడుకున్నా, తిండి మానేసినా, కళ్లు పచ్చబడినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ 250 సిరప్‌లో మీ పాప మోతాదు 2.5 మి.లీ. మాత్రమే.

ఇక అత్తగారి మాట. ఇంట్లో ఇంతకన్నా ప్రమాదమైన అపోహ ఇంకోటి ఉండదు. చుక్కల మందు పలచన అని చాలామంది అనుకుంటారు. నిజానికి అన్నిటికంటే చిక్కనిది అదే. ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. పసిబిడ్డ మింగాల్సిన మందు తక్కువగా ఉండాలని కంపెనీలు అలా చేస్తాయి. సిరప్ అనుకుని చుక్కల మందు 5 మి.లీ. పోస్తే ఒకేసారి 500 మి.గ్రా. పోసినట్టు. అదే ఆరు గంటలకోసారి రెండు రోజులు సాగితే కాలేయం పాడవుతుంది. మీ పాపకు చుక్కల మందయితే 1.2 మి.లీ., అదీ ఆ సీసాతో వచ్చిన డ్రాపర్‌తోనే. ఒక కంపెనీ డ్రాపర్ ఇంకో కంపెనీ సీసాకు వాడకండి, గీతలు వేరుగా ఉంటాయి.

వంటింటి చెంచా అసలు వద్దు. కొన్నిట్లో 3 మి.లీ. పడితే కొన్నిట్లో 7 పడుతుంది. మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి అడిగి తీసుకోండి. సీసా బాగా కుదిపి, సిరంజిలోకి లాగి, పాప బుగ్గ లోపలి పక్కకు కొద్దికొద్దిగా వదలాలి. తల వెనక్కు వంచి గొంతులోకి పోస్తే పొలమారుతుంది.

రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు, మామూలుగా 6 గంటలు ఉండాలి. రోజులో నాలుగుసార్లకు మించకూడదు. మింగిన అరగంట లోపే కక్కేస్తే అదే మోతాదు మళ్లీ ఇవ్వొచ్చు. అరగంట దాటాక కక్కితే తరువాతి వేళ దాకా ఆగండి. మందు పని మొదలుపెట్టడానికే అరగంట నుంచి గంట పడుతుంది. పది నిమిషాలకోసారి థర్మామీటరు పెట్టి కంగారుపడి ఇంకో మూత పోయడంతోనే చాలా ఇళ్లలో మోతాదు దాటుతోంది. జ్వరం పూర్తిగా దిగాలని లేదు. 103 నుంచి 101కి వచ్చి పాప కాస్త హుషారుగా పాలు తాగితే మందు పనిచేసినట్టే. ఒళ్లు తుడవాలనుకుంటే గోరువెచ్చని నీళ్లతో తుడవండి. చన్నీళ్లు, ఐసు వేస్తే వణుకు పుట్టి లోపలి వేడి ఇంకా పెరుగుతుంది.

మెఫెనమిక్ యాసిడ్ కలిసిన సిరప్, ఇబుప్రోఫెన్ కలిసిన సిరప్ అని రెండు రకాలు షాపుల్లో చేతికిస్తుంటారు. వాటిలో చాలావాటికి పారాసెటమాల్ కూడా కలిపే ఉంటుంది. అది పోసి, పైన మామూలు పారాసెటమాల్ పోస్తే రెండింతలు అవుతుంది. డెంగీ తిరిగే వానాకాలంలో ఈ రెండూ డాక్టరు చెప్పకుండా వద్దే వద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు. పాత సీసా ఇంట్లో ఉంటే పారేయండి.

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా ఇంట్లో మందు పోసి చూడొద్దు, నేరుగా ఆసుపత్రికే. పెద్ద పిల్లలకైతే మూడు రోజులు దాటిన జ్వరం, ఫిట్స్, ఎగశ్వాస, ఎనిమిది గంటలుగా ఒంటికి రాకపోవడం, ఏడ్చినా కన్నీళ్లు లేకపోవడం కనిపిస్తే ఆగకూడదు.

ప్రశ్న: అలిపిరి మెట్ల దారిలో మా బాబు (7 ఏళ్లు, 20 కిలోలు) చేతిలోని కవర్‌ను కోతి లాక్కుంది. గోరు తగిలి మోచేతి కింద రక్తం వచ్చింది. అక్కడే ఎవరో పసుపు, సున్నం అద్దినారు. కిందికొచ్చి టీటీ సూది వేయించినాం. రెండు రోజులైంది. కుక్క కాదు గదా, ఇంకేమీ అక్కర్లేదని కొందరు అంటున్నారు. (తిరుపతి)

జవాబు: అక్కర ఉంది, ఈరోజే వెళ్లండి. టీటీ సూది ధనుర్వాతాన్ని ఆపుతుంది, రేబిస్‌ను ఆపదు. రేబిస్ కుక్కలకే కాదు, కోతి, పిల్లి, నక్క, ముంగిస వంటి వాటికీ వస్తుంది. రక్తం వచ్చిన గీరు ఏదైనా మూడో తరగతి (అన్నిటికన్నా తీవ్రమైన) గాయం కిందే లెక్క. అంటే టీకాతో పాటు సీరం కూడా ఇవ్వాలి. రెండు రోజులు ఆలస్యమైంది కాబట్టి ఇక లాభం లేదనుకోవద్దు. రేబిస్ లక్షణాలు కనిపించాక మందు లేదు గానీ, కనిపించక ముందు ఎన్నాళ్లయినా టీకా మొదలుపెట్టొచ్చు.

ముందు ఆ పసుపు, సున్నం కడిగేయండి. ఇలాంటి గాయానికి మొదటి వైద్యం కుళాయి నీళ్లూ బట్టల సబ్బే. ధారగా నీళ్లు పడుతుండగా 15 నిమిషాలు గడియారం చూసి కడగాలి. రేబిస్ వైరస్ పైపొర కొవ్వుతో అయినది, సబ్బు దాన్ని కరిగించేస్తుంది. సున్నం, కారం, ఆకు పసర్లు చర్మాన్ని కాల్చి వైరస్‌ను లోపలి నరాల దగ్గరికి తోస్తాయి. కడిగాక పొవిడోన్ అయోడిన్ రాయండి. కట్టు కట్టొద్దు. ప్రాణాపాయమైన రక్తస్రావం ఉంటే తప్ప కుట్లు వేయించొద్దు. వేయక తప్పకపోతే సీరం ఎక్కించిన తరువాతే వేయాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకాను చర్మం పైపొరలోనే వేస్తారు. రెండు భుజాల్లో ఒక్కోదానికి 0.1 మి.లీ. చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. మొదటి సూది వేసిన రోజు సున్నా అవుతుంది. అంటే సోమవారం మొదలైతే తరువాతది గురువారం, ఆ పై సోమవారం, చివరిది మొదటి సోమవారం నుంచి సరిగ్గా నాలుగు వారాలకు. సూది పడిన చోట దోమ కుట్టినట్టు చిన్న బుడిపె లేవాలి. లేవకపోతే మందు లోతుగా పోయినట్టు. నర్సమ్మకు అప్పుడే చెబితే పక్కనే మళ్లీ వేస్తారు. ప్రైవేటులో కండలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 అని ఐదు సూదులు. రెండిటి రక్షణా ఒకటే. పిరుదుకు మాత్రం వేయించుకోవద్దు, అక్కడి కొవ్వులో టీకా సరిగ్గా పనిచేయదు. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం పోయి చాలా ఏళ్లయింది, దానికి భయపడి ఆగేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి చెబుతున్నాం.

సీరం సంగతి చాలామందికి తెలియదు. టీకా పడ్డాక ఒంట్లో రక్షణ పుట్టడానికి వారం పైనే పడుతుంది, ఆ లోపు కాపలా కాసేది సీరమే. గుర్రం నుంచి తీసే సీరం అయితే కిలోకు 40 యూనిట్లు. మీ బాబుకు 800 యూనిట్లు అవుతుంది. మి.లీ.కి 300 ఉండే సీసా అయితే దాదాపు 2.7 మి.లీ. దాన్ని వీలైనంత గాయంలోనూ గాయం చుట్టూరానూ ఎక్కించాలి. మొదటి టీకా పడిన ఏడో రోజు దాటితే సీరం ఇవ్వరు. చిన్న పీహెచ్‌సీలో టీకా దొరికి సీరం లేకపోతే అక్కడ టీకా వేయించుకుని తిరుపతి రుయా లాంటి పెద్ద ఆసుపత్రికి అదే రోజు వెళ్లండి.

కరిచిన జంతువును పది రోజులు గమనించడం ఇంటి కుక్కకు, పిల్లికే పనికొస్తుంది. కొండ మీది కోతిని ఎవరు గమనిస్తారు? కాబట్టి ఆ లెక్క మీకు లేదు. టీకా వేసుకుంటూ మాంసం తినకూడదని, తలస్నానం చేయకూడదని పథ్యాలేమీ లేవు. గర్భిణులు, బాలింతలు కూడా వేయించుకోవచ్చు. యాత్రకు వచ్చిన వాళ్లయితే కార్డు తీసుకెళ్లి మిగతా సూదులు సొంతూళ్లో వేయించుకుంటే చాలు, మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు.

ప్రశ్న: శనక్కాయలు పీకే పనికి పోయిన పది రోజులకు మా ఆయనకు జ్వరం. ఆరు రోజులైనా తగ్గలేదు. తలనొప్పి, ఒళ్లునొప్పులు. ఊర్లో ఆర్‌ఎంపీ రోజూ సూది వేస్తున్నాడు. డెంగీ లేదన్నారు. వైడాల్‌లో కొంచెం టైఫాయిడ్ ఉందన్నారు. ప్లేట్‌లెట్లు 90 వేలు. (పుంగనూరు)

జవాబు: ఈ ఉత్తరం చదవగానే మాకు తట్టింది స్క్రబ్ టైఫస్. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో వానలు పడ్డాక, పొలం పనుల కాలంలో ఇది కనిపిస్తూనే ఉంటుంది. గడ్డి, పొదలు, ఎలుకల బొరియల దగ్గర ఉండే కంటికి ఆనని ఒక రకం పురుగు పిల్ల కుట్టినప్పుడు ఓరియెన్షియా అనే సూక్ష్మజీవి ఒంట్లోకి చేరుతుంది. కుట్టిన 6 నుంచి 21 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. మీరు చెప్పిన పది రోజులు అందులో సరిగ్గా పడతాయి.

ఇంటిలో ఒక పని చేయండి. ఆయన్ని వెలుతురులో నిలబెట్టి ఒళ్లంతా వెతకండి. చంకలు, గజ్జలు, మొలతాడు కింద, పిరుదుల మధ్య, చెవుల వెనక, ఆడవాళ్లలో అయితే రొమ్ముల కింద చూడాలి. బీడీతో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు కనిపిస్తుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగికే తెలియదు. అది కనిపిస్తే ఫోటో తీసుకుని డాక్టరుకు చూపించండి, సగం పని అయిపోయినట్టే. కనిపించకపోయినా జబ్బు లేదని కాదు, చాలామందిలో ఆ పెచ్చు ఉండదు.

వైడాల్‌లో 'కొంచెం ఉంది' అనే మాటను అంత నమ్మొద్దు. ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి పోయినా, టీకా వేసుకున్నా, వేరే జ్వరాల్లోనూ అది పైకి చూపిస్తుంది. టైఫాయిడ్ తేలాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు బ్లడ్ కల్చర్ చేయాలి. స్క్రబ్ టైఫస్‌కు ఐజీఎమ్ ఎలైజా పరీక్ష ఉంది, జ్వరం ఐదు రోజులు దాటాక నమ్మకంగా చూపిస్తుంది. ప్లేట్‌లెట్లు ఇందులోనూ తగ్గుతాయి. అందుకే డెంగీ అనుకుని బొప్పాయి ఆకు రసంతో రోజులు గడిపేస్తుంటారు.

రోజూ వేసే ఆ సూది సెఫ్ట్రియాక్సోన్ లాంటిదైతే ఈ సూక్ష్మజీవి మీద అది పనిచేయదు. ఈ జీవి మన కణాల లోపల దాక్కుంటుంది, ఆ మందులు అక్కడిదాకా చేరవు. దీనికి అసలు మందు డాక్సీసైక్లిన్. పెద్దవాళ్లకు 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, మామూలుగా 7 రోజులు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. సరైన మందు పడితే 48 గంటల్లో జ్వరం దిగుతుంది. చవకైన మందు, అయినా ఎలా మింగాలో చెప్పే వాళ్లు తక్కువ. అన్నం తిన్నాక, నిలబడి లేదా కూర్చుని, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో మింగాలి. ఆ తరువాత అరగంట పడుకోకూడదు. గొంతు కింద ఇరుక్కుంటే అన్నవాహికలో పుండు పడి ఎద మంటతో అల్లాడతారు. పాలు, ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులు రెండు గంటల ముందు వెనక ఉంచండి, లేకపోతే మందు పేగుల్లోనే ఉండిపోతుంది. వాడే రోజుల్లో ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది.

రెండో వారంలోకి పోతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినొచ్చు. ఆయాసం, తికమక మాటలు, ఒంటికి తగ్గడం ఉంటే ఇంట్లో వైద్యం మాని రుయాకో స్విమ్స్ ఆసుపత్రికో తీసుకెళ్లండి. పొలం నుంచి వచ్చాక బట్టలు వేడినీళ్లలో వేసి, పీచుతో రుద్ది స్నానం చేయడం, గడ్డి మీద నేరుగా పడుకోకపోవడం జాగ్రత్తలు. దీనికి టీకా లేదు.

ప్రశ్న: తోటలో తోతాపురి కోస్తుంటే సొన చిమ్మి మొహం, చేతులు కాలినాయి. రెండు రోజులకు బొబ్బలు, దురద. షాపులో ఒక ట్యూబు ఇస్తే బాగా తగ్గింది. పోయినేడాది తొడల తామరకూ అదే రాసినాను, ముందు తగ్గి తరువాత నడుము దాకా పాకింది. (బంగారుపాళ్యం)

జవాబు: మీకు జరిగినవి రెండు వేర్వేరు సంగతులు. సొన తగిలిన చోట గంటల్లోనే మంట, నల్లటి కమురు రావడం కాలడం. ఒకటి నుంచి మూడు రోజుల తరువాత దురదతో బొబ్బలు లేవడం అలర్జీ. మామిడి, జీడిమామిడి, చాకళ్లు గుర్తు పెట్టే నల్లజీడి ఒకే కుటుంబం చెట్లు. మూడింటి సొనలోనూ చర్మానికి పడని ఒకే జాతి నూనెలు ఉంటాయి. ఒకసారి అలర్జీ పట్టుకుంటే ఏటా సీజన్‌కు తిరిగొస్తుంది.

సొన పడిన వెంటనే సబ్బుతో కడగడం ఒక్కటే దాన్ని ఆపుతుంది. ఆలస్యమైతే చర్మంలోకి ఇంకిపోతుంది. కాయను తొడిమ దగ్గర విరవకుండా రెండు మూడు అంగుళాల కాడతో కత్తిరించి, తరువాత నేల వైపు తిప్పి సొన కారనిస్తే మొహం మీదికి చిమ్మదు, కాయ మీదా మచ్చ పడదు. పొడుగు చేతుల చొక్కా, గోళ్లు కత్తిరించుకోవడం ముఖ్యం. గోళ్ల కింద చేరిన సొనే రాత్రి మొహానికి, ఇంకా చెప్పకూడని చోట్లకీ చేరుతుంది. కంట్లో పడితే మంచినీళ్లతో 15 నిమిషాలు కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. బొబ్బలోని నీరు తగిలితే పాకదు. ఇంట్లో వాళ్లకు అంటదు. అలర్జీ ఉన్నవాళ్లు కూడా తొక్క మందంగా తీసేసిన పండు మామూలుగా తినొచ్చు. తొక్కతో చీకితే పెదాల చుట్టూ పొక్కులొస్తాయి.

బొబ్బల మీద చల్లటి తడిగుడ్డ 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు వేయండి. ఒంటికి మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీమ్, మొహానికి 1 శాతం హైడ్రోకార్టిసోన్ వారం లోపు చాలు. వేలి చివరి గణుపు పొడవునా పిండిన క్రీమ్ దాదాపు అర గ్రాము. అది రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. మొహం వాచి కళ్లు మూసుకుపోతే మాత్రలు కావాలి, అవి డాక్టరే ఇవ్వాలి.

అదే స్టెరాయిడ్ తామరకు రాస్తే ఎరువు వేసినట్టు. దురద ఆగుతుంది, ఎరుపు తగ్గుతుంది, కింద శిలీంధ్రం హాయిగా పెరుగుతుంది. మీ ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో క్లోబెటాసోల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్ అన్న మాటల్లో ఏదైనా ఉంటే తామరకు దాన్ని వాడొద్దు. పక్కన టెర్బినాఫిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటి ఇంకో మూడు మందులు ఉన్నా సరే. తామరకు ఒక్క శిలీంధ్రం మందే ఉన్న క్రీమ్, మచ్చ అంచు దాటి ఒక అంగుళం దాకా రాసి, కనిపించడం మానేశాక కూడా రెండు వారాలు కొనసాగించాలి. నడుము దాకా పాకిన మీకు క్రీమ్ సరిపోదు. మాత్రలు ఎన్ని వారాలో చర్మ వైద్యులు చెప్పాలి. లుంగీ, తువ్వాలు, లోబట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో తిరగేసి ఆరేయండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకీ అదే సమయంలో వైద్యం జరగాలి.

ప్రశ్న: పనికి బెంగళూరు పోయి ఆరున్నర నెలలు ఉండిపోయినాం. పాపకు ఒకటిన్నర నెల టీకాలు మాత్రమే పడినాయి. ఇప్పుడు 8 నెలలు. మళ్లీ మొదటినుంచి వేయాలా? బీసీజీ మచ్చ కూడా లేదు. (కుప్పం)

జవాబు: అక్కర్లేదు. పడిన టీకా పడినట్టే లెక్క, ఆగిన చోటినుంచి సాగిస్తారు. ఈ బుధవారమో శనివారమో, మీ ఏఎన్‌ఎమ్ వేసే రోజు తీసుకెళ్తే పెంటావాలెంట్, పోలియో, రోటా, న్యుమోకోకల్‌లో రావాల్సినవి మొదలుపెట్టి ఒక్కోదానికి తగిన వారాల తేడాతో పూర్తి చేస్తారు. 9 నెలలు నిండగానే తట్టు-రుబెల్లా టీకా, విటమిన్ ఎ. ఒకేరోజు రెండు మూడు సూదులు పడినా బిడ్డకు భారం కాదు, వేర్వేరు చోట్ల వేస్తారు. బీసీజీ మచ్చ లేకపోయినా కార్డులో వేసినట్టు ఉంటే మళ్లీ వేయరు. మామూలు జలుబు, కొద్దిపాటి విరేచనాలు టీకా వాయిదాకు కారణాలు కావు. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి, అరుదైన అలర్జీ వస్తే ఎక్కువగా ఆ అరగంటలోనే వస్తుంది. తొడ మీద గట్టిపడితే చల్లటి తడిగుడ్డ వేయండి, రుద్దకండి. ముందుజాగ్రత్తగా పారాసెటమాల్ పోయకండి, జ్వరం వస్తే బరువు లెక్కన పోయండి.

ప్రశ్న: తెల్లారితే ఇరవై తుమ్ములు, ముక్కు కారడం. మూడేళ్లుగా రోజూ రాత్రి సెట్రిజిన్. ఆర్నెల్లుగా ముక్కు చుక్కలు వేయకపోతే ఊపిరాడదు. (చిత్తూరు)

జవాబు: ఆ చుక్కలే ఇప్పుడు మీ జబ్బు. జైలోమెటాజోలిన్, ఆక్సిమెటాజోలిన్ చుక్కలు ఐదు రోజులు దాటితే ముక్కు లోపలి పొర వాటికి బానిసవుతుంది. మందు దిగగానే ముందుకన్నా ఎక్కువగా వాచిపోతుంది. ఆపడానికి ఒక ఉపాయం ఉంది. ఒక రంధ్రంలో పూర్తిగా మానేసి రెండో దాంట్లో మాత్రమే వేసుకోండి. వారం, పది రోజుల్లో మొదటిది తెరుచుకుంటుంది, అప్పుడు రెండోది కూడా ఆపండి. ఈ లోపు డాక్టరుతో మాట్లాడి ఫ్లూటికాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టాలి. దీనికి అలవాటు పడటం ఉండదు, కానీ పూర్తిగా పనిచేయడానికి రెండు వారాలు పట్టొచ్చు. రెండో రోజుకే పనికిరాలేదని పారేసే వాళ్లే ఎక్కువ. కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో కొట్టండి. మొన చెవి వైపు చూడాలి, మధ్య గోడ వైపు పోతే రక్తం కారుతుంది. గట్టిగా ఎగపీల్చొద్దు, గొంతులోకి పోతుంది.

సెట్రిజిన్ 10 మి.గ్రా. రోజుకు ఒకటి మించొద్దు. కొందరికి మరుసటి ఉదయం దాకా మత్తు ఉంటుంది, బండి నడిపే వాళ్లు గమనించుకోవాలి. దానికి తోడు జలుబు మాత్ర వేసుకోకండి, అందులోనూ మత్తు తెచ్చే మందు, పారాసెటమాల్, బీపీ పెంచే ఫెనైలెఫ్రిన్ ఉంటాయి. ఇంటి పక్క ఖాళీ స్థలంలో వయ్యారిభామ పెరిగి ఉందేమో చూడండి. వానల తరువాత దాని తెల్లపూల పుప్పొడి తుమ్ములకు, మెడ మీద, కనురెప్పల మీద దురదకు పేరుమోసింది. పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకాలి. పూశాక పీకితే పుప్పొడి మీద పోసుకున్నట్టే.

ప్రశ్న: మా నాయనకు ఇన్సులిన్. ఎండాకాలం ఫ్రిజ్ లేని ఊరికి పోవాలి, తరువాత నడిచి కొండకెక్కుతానంటున్నాడు. (శ్రీకాళహస్తి)

జవాబు: వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు 28 రోజులు ఉంటుంది. మన ఎండల్లో ఇంటి లోపలే అంతకు మించుతుంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, సీసాను అందులో ఉంచి తడిగుడ్డ కప్పండి. నీళ్లు ఆవిరవుతూ చల్లగా ఉంచుతాయి. ఇసుక ఎండకుండా రోజూ రెండుసార్లు తడపాలి. ఐసుకు తగిలేలా పెట్టొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

సిరంజి మూత రంగు చూసుకోండి. ఎర్ర మూత సిరంజి మి.లీ.కి 40 యూనిట్లు ఉండే సీసాకు, నారింజ మూతది మి.లీ.కి 100 యూనిట్లు ఉండే సీసాకు. 100 సీసా నుంచి ఎర్ర మూత సిరంజితో '20' గీత దాకా లాగితే లోపలికి పోయేది 50 యూనిట్లు. షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కొత్త ఊర్లో కొత్త షాపులో కొన్నప్పుడే ఈ పొరపాటు జరుగుతుంది.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఎక్కే పూట తొడకు సూది వేసుకుంటే కండరాలు ఆడి మందు తొందరగా లాగేస్తాయి, పొట్టకు వేసుకోవాలి. ఉపవాసంతో ఎక్కడం ఈయనకు వద్దు. ఆ పూట మోతాదు తగ్గించాలా అని డాక్టరును ముందే అడగండి. జేబులో మూడు చెంచాల చక్కెర పొట్లం ఉంచండి. చెమట, వణుకు, తికమక వస్తే అక్కడే కూర్చుని అది తినాలి. 15 నిమిషాలకు కుదుటపడకపోతే ఇంకోసారి తిని, పైకి ఎక్కకుండా సాయం పిలవండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు.

చిన్న ప్రశ్నలు, చిన్న జవాబులు

విరేచనాలకు 'ఓఆర్‌ఎస్' అని రాసి అమ్మే పండ్ల రసం డబ్బాలు పనికిరావు, వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని చెప్పింది. పొడి ప్యాకెట్‌నే వాడండి. పెద్దది సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో, చిన్నది 200 మి.లీ.లో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ సగం గ్లాసులో అని అంచనాగా కలపొద్దు. 24 గంటలు దాటితే పారబోయాలి. 6 నెలలు దాటిన పిల్లలకు జింక్ 20 మి.గ్రా. 14 రోజులు, విరేచనాలు ఆగినా ఆపకుండా. (పలమనేరు, నగరి)

రెండేళ్ల లోపు బిడ్డకు దగ్గు, జలుబు సిరప్ ఏదీ వద్దు. అయిదేళ్ల లోపు కూడా మామూలుగా అవసరం లేదు. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వొచ్చు. ఏడాది లోపు తేనె ప్రమాదం. (పుత్తూరు)

మిగిలిన అజిత్రోమైసిన్ మాత్రలు దాచి వచ్చే జలుబుకు వేసుకోవచ్చా? వద్దు. జలుబు వైరస్‌ది, ఆ మాత్ర దాని మీద పనిచేయదు. స్ట్రిప్ వెనక ఎర్రగీత ఉందంటే చీటీ లేకుండా వాడొద్దని గుర్తు. (రేణిగుంట)